చిల్లు పెన్నీ

నర్సంపేట ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉన్న కాలంలో అంగళ్లలో చెలామణి అయినవి హాలీ సిక్కాలు. బ్రిటిష్ ఇండియా రూపాయిని ప్రజలు ‘కల్దార్’ అని వేరుగా వ్యవహరించేవారు. తాతల నాటి పెట్టెలను వెదికితే 1943-47 నడుమ ముద్రితమైన చిల్లు పైసా నేటికీ అరుదుగా లభిస్తుంది. ఇటువంటి చిల్లు నాణేలే పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవులలోనూ ఉండేవి. నాణేల సేకరణలో అభిరుచి గల తెలుగువారికి ఆ దీవులతో ఒక సంబంధం ఉంది.

చెరకు తోటలలో పనికై 1879 నుండి 1916 వరకు అరవై వేలకు పైగా భారతీయులను ఫిజీకి తరలించారు. 1903 నుండి మద్రాసు రేవు గుండా వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. తమ ఐదేళ్ల ‘అగ్రిమెంటు’ను కూలీలు ‘గిర్మిట్’ అన్నారు. పురుషునికి రోజుకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు కూలి అని అందులో ఉండేది. అప్పగించిన పని పూర్తికాకపోతే అంత మొత్తం దక్కేది కాదు.

ఫిజీ పేరుతో నాణేలు వెలువడింది 1934లో. గిర్మిట్ రద్దయింది 1920లో. కనుక పడవ బొమ్మ గల ఫిజీ షిల్లింగును చూపి, ‘ఇది గిర్మిట్ కూలీల కష్టార్జితం’ అని వర్తకుడు చెప్పినా విశ్వసించరాదు. ఆ కూలీలు అందుకొన్నవి బ్రిటన్ నాణేలు. వాటిపై ఫిజీ ప్రస్తావనే ఉండదు. 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకొన్న తరం వాడినవి మాత్రం ఫిజీ నాణేలే.

వీటిలో మిక్కిలి ఆసక్తికరమైనది 1936 నాటి పెన్నీ. నడుమ చిల్లు ఉన్నందున దానిపై రాజు ముఖాన్ని చెక్కే వీలు లేదు. పేరు మాత్రమే చుట్టూ ఉంటుంది. ఎనిమిదవ ఎడ్వర్డ్ ఏడాది తిరగకుండానే సింహాసనాన్ని విడిచిపెట్టాడు. ఆయన ముఖచిత్రంతో బ్రిటన్‌లో సాధారణ చెలామణి నాణేలు రానే లేదు. ముఖంతో పనిలేని ఫిజీ పెన్నీ మాత్రం ఆయన పేరు మోసుకొని వచ్చింది!

1942, 1943 సంవత్సరాల నాణేలపై ‘ఎస్’ అనే అక్షరం కనిపిస్తే అవి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో తయారైనవని గ్రహించాలి. యుద్ధం వల్ల ముద్రణ అక్కడికి చేరింది. అంతకుముందు నూటికి యాభై పాళ్లున్న వెండి వీటిలో తొంభై పాళ్లు ఉంటుంది.

పాత నాణెం చేతికి రాగానే చింతపండుతో తోమే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది తగదు. ఏళ్ల తరబడి పట్టిన పై పొర పోతే అక్షరాలు అరుగుతాయి, వెల పడిపోతుంది. అంచులు పట్టుకొని చూసి, పొడి కాగితపు పొట్లంలో భద్రపరచాలి. పొట్లంపై సంవత్సరం, లోహం, లభించిన చోటు వ్రాయాలి.

1969లో ఫిజీ డాలరు, సెంట్ల పద్ధతికి మారడంతో షిల్లింగు, పెన్నీల కాలం ముగిసింది.