గుండె బొమ్మ ఉన్న నూనె

ప్రశ్న: మావారికి స్టెంట్ వేశాక డాక్టరుగారు నూనె తగ్గించమన్నారు. వేరుశనగ నూనె మానేసి, గుండె బొమ్మ ఉన్న సన్‌ఫ్లవర్ నూనె తెస్తున్నాం. అందులో ఒమేగా ఉందట కదా, వారానికి రెండుసార్లు గారెలో పూరీలో చేయొచ్చా? మిగిలిన నూనె పారబోయను, తాలింపులకు వాడేస్తాను. - ఒక గృహిణి, తెనాలి

జవాబు: తగ్గించమంటే మార్చారు! ఇలాంటి ఉత్తరం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుందమ్మా. తప్పు మీది కాదు, ఆ బొమ్మది.

మామూలు సన్‌ఫ్లవర్ నూనెలో అరవై శాతం దాకా ఉండేది ఒమేగా-6, అంటే లినోలిక్ ఆమ్లం. ఒమేగా-3 లేనట్టే. అలాగని ఒమేగా-6 విషమని వాట్సాప్‌లో వచ్చేదీ నమ్మకండి. ఈ రెంటినీ ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. 1929లో బర్ దంపతులు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని మేత పెడితే వాటి చర్మం పొలుసులు కట్టింది, ఎదుగుదల ఆగింది. నెయ్యికీ పామాయిల్‌కీ బదులుగా వాడితే సన్‌ఫ్లవర్ నూనె చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది కూడా.

చిక్కంతా మీ మూకుడులో ఉంది. లినోలిక్ ఆమ్లపు కార్బన్ గొలుసులో ఒకటికి మించి ద్విబంధాలుంటాయి. రెండు ద్విబంధాల నడుమనున్న కార్బన్ దగ్గర హైడ్రోజన్ పట్టు సడలి ఉంటుంది. వేడికి అది ఊడుతుంది, ఆ చోట గాలిలోని ఆక్సిజన్ చేరుతుంది, పక్క గొలుసుకూ అదే గతి. చివరికి మిగిలేవి ఆల్డిహైడ్లు. గుండెకు మంచిదన్న ఆ ద్విబంధాల గుణమే కాచిన కొద్దీ నూనెను త్వరగా చెడగొడుతుంది. మాటిమాటికీ కాచడానికి మీరు మానేసిన వేరుశనగ నూనే కాస్త నయం. ఇలా చెడే కొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను హోటళ్లు వాడకూడదని నిబంధన ఉంది. మీ వంటింటికి ఇన్‌స్పెక్టరు రాడు, మీరే చూసుకోవాలి.

గారెలు పండక్కి చేసుకోండి. కాగిన నూనె మళ్లీ పొయ్యెక్కకూడదు. ఏ నూనైనా మనిషికి రోజుకు మూడు చిన్న చెంచాలు, అంటే మీ ఇద్దరికీ నెలకు లీటరు. అత్తగారు గొణిగినా సరే.

ప్రశ్న: అవిసె గింజలు రోజూ గుప్పెడు మింగుతున్నాను. మంచిదేనా? - ఒక రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు

జవాబు: మింగినవి మింగినట్టే బయటికి పోతాయి, ఒక చెంచాడు పొడి చేసుకుని తినండి.

ప్రశ్న: మేము శాకాహారులం. అమ్మాయికి అయిదో నెల. బిడ్డ మెదడుకు డీహెచ్ఏ కావాలంటున్నారు. అవిసెలు చాలవా? - ఒక తండ్రి, వరంగల్

జవాబు: అవిసెల్లో ఉన్న ఒమేగా-3 ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, 18 కార్బన్ల గొలుసు. డీహెచ్ఏ కూడా ఒమేగా-3యే, కానీ దానికి 22 కార్బన్లు. దాన్ని దీనిగా సాగదీసే ఎంజైములు ఒమేగా-6 కీ అవే. ఊరంతటికీ ఒకటే పిండిమర ఉన్నట్టు, ఎవరి బస్తాలు ఎక్కువుంటే మర వాళ్లకే ఆడుతుంది. నూనె ధారగా పోసే ఇంట్లో అవిసెల వంతు వచ్చేదెప్పుడు? ఆడవాళ్లలో ఈ మార్పిడి కాస్త మెరుగే, అయినా తయారయ్యే డీహెచ్ఏ బహు కొంచెం. గంగవాయిలి కూర పప్పులో వేసి పెట్టండి, అందులోనూ ఒమేగా-3 ఉంది. సముద్రపు నాచు నుంచి తీసిన డీహెచ్ఏ క్యాప్సూళ్లు దొరుకుతాయి, శాకాహారమే. చేపకైనా డీహెచ్ఏ మొదట వచ్చేది ఆ నాచు నుంచే. అయితే క్యాప్సూల్ గుల్ల జెలటిన్‌ది కాకుండా చూసుకోండి. మోతాదు అమ్మాయిని చూస్తున్న డాక్టరమ్మను అడగండి, మందుల షాపతన్ని కాదు.

ప్రశ్న: గుండెపోటు రాకుండా చేపనూనె మాత్రలు వాడదామనుకుంటున్నాను. జబ్బులేమీ లేవు. - ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: విశాఖలో ఉండి చేపను సీసాలో కొంటారా? అమెరికాలో పాతిక వేల మందికి పైగా పాల్గొన్న వైటల్ పరీక్షలో రోజుకో గ్రాము మాత్ర గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాల మొత్తాన్ని చెప్పుకోదగ్గంత తగ్గించలేదని 2018లో తేలింది. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువున్నవారికి డాక్టర్లు పెద్ద మోతాదు రాయడం వేరే సంగతి; ఆ మోతాదుతో కొందరికి గుండె లయ తప్పే ముప్పూ ఉంది. మీరు వారానికి రెండుసార్లు కవళ్లో కానాగంతలో తెచ్చుకోండి. పులుసు పెట్టించండి, వేపుడు కాదు.