తొక్కుడుబిళ్ళ మానేసిన మోకాళ్ళు

ఈసారి ముచ్చట మోకాళ్ళ గురించి. నొప్పుల తైలం సీసా కోసం లేవకండి, మన మోకాళ్ళ సంగతి తర్వాత చూసుకుందాం. ఇది మన ఆడపిల్లల మోకాళ్ళ గొడవ.

ఆటలాడే ఆడపిల్లకి మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంట్ తెగే ప్రమాదం, అదే ఆట ఆడే మగపిల్లాడికన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎవరూ వచ్చి గుద్దక్కర్లేదు. పరుగెత్తుతూ చటుక్కున పక్కకి తిరిగినప్పుడో, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడో లోపల టప్‌మంటుంది, పిల్ల కూలబడిపోతుంది. ఆపరేషన్ చేయించినా మళ్ళీ గ్రౌండులో దిగాలంటే తొమ్మిది నెలల పైమాటే. 2023 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకి ఇంగ్లండ్ కెప్టెన్ లియా విలియమ్సన్, అదే జట్టు బెత్ మీడ్, నెదర్లాండ్స్ అమ్మాయి వివియానె మీడెమా వెళ్ళలేకపోయింది ఈ గాయంతోనే. ముగ్గురూ అప్పట్లో ఆర్సెనల్ క్లబ్బులో ఆడేవాళ్ళు.

ఎందుకిలా అంటే చాన్నాళ్ళుగా వచ్చిన జవాబు ఒకటే: ఆడవాళ్ళ తుంటి వెడల్పు, హార్మోన్లు, నెలసరి. అందులో కొంత నిజం ఉండవచ్చు, కాదనను. కానీ 2021లో జోవాన్ పార్సన్స్, స్టెఫనీ కోయెన్, షెరీ బెక్కర్ అనే ముగ్గురు పరిశోధకురాళ్ళు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక మంచి ప్రశ్న వేశారు. ఇరవై ఏళ్ళుగా ఒంటినే పరీక్షిస్తున్నాం, ఆడా మగా తేడా మాత్రం తగ్గలేదు. మరి ఆ పిల్ల పెరిగిన తీరు, దొరికిన శిక్షణ, ఆడిన నేల, గాయమయ్యాక జరిగిన వైద్యం, వీటినెందుకు చూడం? అని.

అది చదవగానే నాకు మన వీధులే కళ్ళకు కట్టాయి. ఎనిమిదేళ్ళ పిల్ల తొక్కుడుబిళ్ళ ఆడుతుంది చూడండి. ఒంటికాలి మీద గెంతుతుంది, గీత తొక్కకుండా ఆగుతుంది, బిళ్ళని నెడుతుంది, మళ్ళీ తూలకుండా వెనక్కి తిరుగుతుంది. ఇవాళ ఫిజియోలు డబ్బులు తీసుకుని నేర్పే ఒంటికాలి కసరత్తు ఇంచుమించు అదే! అంతా బాగానే ఉంటుంది, పిల్ల పెద్దమనిషి అయ్యేదాకా. ఆ రోజుతో "ఇంకా గెంతులేమిటే, కూచో" అని మొదలు. సాయంత్రం గ్రౌండు మగపిల్లల క్రికెట్టుది. పీఈటీ పీరియడ్‌లో మగపిల్లలకి బంతి, ఆడపిల్లలకి చెట్టు నీడ. ఒళ్ళు పెరుగుతున్న ఆ రెండు మూడేళ్ళే కండ గట్టిపడాల్సిన సమయం. సరిగ్గా అప్పుడే కూర్చోబెడతాం.

తొమ్మిదో తరగతికొచ్చాక జోనల్ ఆటల పోటీలు వస్తాయి. సారు క్లాసులోకొచ్చి "పొడుగ్గా ఉన్నవాళ్ళు లేవండి" అంటారు. ఖోఖో జట్టు తయారు! చున్నీని అడ్డంగా వేసి నడుం దగ్గర పిన్నీసు పెట్టుకుని, అన్నయ్య పాత బూట్లలో వేళ్ళ దగ్గర గుడ్డపేలిక కుక్కుకుని దిగుతుంది మన పిల్ల. కూర్చున్న చోటు నుంచి ఒక్క ఉదుటున లేవాలి, స్తంభం దగ్గర గిర్రున తిరగాలి. నాలుగు రోజుల ప్రాక్టీసుతో ఆ మోకాలు ఏం తట్టుకుంటుంది చెప్పండి? తెగిందంటే మాత్రం "ఆడపిల్ల కదా, సున్నితం" అనేస్తాం.

అమెరికాలో అంతా సవ్యంగా ఉంటుందనుకోకండి. 2021లో అక్కడి కాలేజీల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్లో మగవాళ్ళకి హాలు నిండా బరువులెత్తే సరంజామా ఇచ్చారు. ఆడవాళ్ళకి ఒక్క డంబెల్స్ స్టాండు, కొన్ని యోగా చాపలు. ఒరెగాన్ జట్టు అమ్మాయి సెడోనా ప్రిన్స్ ఫోనులో వీడియో తీసి లోకానికి చూపించాక గానీ సామాను రాలేదు. 2015లో కెనడాలో మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్పు మొత్తం కృత్రిమ గడ్డి మీద ఆడించారు. మగవాళ్ళ ప్రపంచకప్పు ఒక్కటీ అలా జరగలేదు. క్రీడాకారిణులు కేసు వేసినా లాభం లేకపోయింది.

బరువుల మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. "బరువులెత్తితే గర్భసంచి జారుతుంది" అనే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. బిందె మీద బిందె పెట్టి నీళ్ళు మోయించినప్పుడు లేని భయం డంబెల్ పట్టుకుంటే వచ్చిందా? శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. మరుసటి ఏడాది కొడుకుని కన్నది. ఇంకేం చెప్పాలి?

బట్టల సంగతీ అంతే. శనివారం తెల్ల యూనిఫాం, ఆ రోజే ఆటల పీరియడ్. నెలసరిలో ఉన్న పిల్ల "కడుపునొప్పి సార్" అని మూల కూర్చోక ఏం చేస్తుంది? వింబుల్డన్ వాళ్ళే 2023లో దిగొచ్చి, తెల్ల స్కర్టు కింద ముదురు రంగు లోదుస్తు వేసుకోవచ్చన్నారు. మన బడులకి అంత పట్టుదల దేనికో!

గాయమయ్యాక మరీ అన్యాయం. మగపిల్లాడైతే మంచి డాక్టరెవరని వాకబు చేస్తాం. ఆడపిల్లైతే "చాల్లే ఆటలు, రేపు పెళ్ళిచూపుల్లో కుంటుతుందా ఏం?" అంటాం. ఫిజియోథెరపీ రెండు వారాలకే మాన్పించి వంటింట్లో నిలబెడతాం. ఆ కాలు ఎప్పుడు కోలుకోవాలి?

చేయాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. ఫిఫా వాళ్ళ 11+ అనే వార్మప్ ఉంది. ఇరవై నిమిషాలు పరుగు, ప్లాంక్, గుంజీళ్ళు, ఒంటికాలి నిలకడ, ఎగిరి మెత్తగా దిగడం. ఇలాంటి కసరత్తు వదలకుండా చేసిన అమ్మాయిల్లో ఏసీఎల్ గాయాలు సగం దాకా తగ్గాయని పరిశోధనలు చెబుతున్నాయి. పైసా ఖర్చు లేదు. సరిగ్గా నేర్పే మనిషి కావాలి, రోజూ గ్రౌండు కావాలి.

2025 నవంబరులో మన అమ్మాయిలు క్రికెట్ ప్రపంచకప్పు గెలిచిన రాత్రి కడప పిల్ల శ్రీచరణిని టీవీలో చూసి మనమంతా మురిసిపోయాం కదా. ఇక ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు లెక్కల్లో ఎన్నొచ్చాయో అడిగాక, ఇంకో మాట కూడా అడిగి రండి: "సార్, మా అమ్మాయి వారంలో ఎన్ని గంటలు గ్రౌండులో ఉంటోంది? వార్మప్ ఎవరు చేయిస్తున్నారు?" ఏం జవాబొచ్చిందో నాకు రాయండి.