తుపాకీ లైసెన్సు: హక్కు ఎవరికి?



చట్టం చదివేటప్పుడు "ఏ హక్కు" అని మాత్రమే కాదు, "ఎవరికి" అని కూడా చూడాలి. మన రాజ్యాంగంలో 19వ అధికరణం "పౌరులకు" హక్కులిస్తుంది. 14, 21 అధికరణాలు "వ్యక్తి" అంటాయి. అంటే ఇక్కడున్న విదేశీయునికి కూడా అవి వర్తిస్తాయి. ఈ తేడాను తుపాకీ లైసెన్సు ఉదాహరణగా తీసుకుని తెలుసుకుందాం.

మన దేశంలో తుపాకీ రాజ్యాంగ హక్కు కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం అధికారి విచారించి లైసెన్సు ఇస్తేనే ఉంచుకోవాలి. అమెరికాలో 1791 నాటి రెండవ రాజ్యాంగ సవరణ దాన్ని "ప్రజల" హక్కు అన్నది. మరి అక్కడ చదువుతున్న, కొలువు చేస్తున్న మనవాళ్లు ఆ ప్రజల్లో ఉన్నట్టా, లేనట్టా? అది వారి చేతిలోని కాగితాన్ని బట్టి ఉంటుంది.

1. గ్రీన్‌కార్డు ఉన్నవారు: వీరు పౌరులు కారు. అయినా పౌరులు కారన్న కారణంతో ఫెడరల్ చట్టం వీరిని తుపాకీ కొనకుండా ఆపదు. వెంట పెట్టుకుని తిరిగే పర్మిట్ సంగతి రాష్ట్రాలు చూస్తాయి. సౌత్ డకోటా రాష్ట్రం పౌరులకే పర్మిట్ ఇస్తామన్నది. అక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్న ఒక బ్రిటన్ దేశస్థుడు కోర్టుకెక్కాడు. 2011లో ఫెడరల్ కోర్టు ఆ షరతును అడ్డుకున్నది. ఎందుకంటే సమాన రక్షణ గురించి చెప్పిన 1868 నాటి 14వ సవరణలో ఉన్న మాట "పౌరుడు" కాదు, "వ్యక్తి". మన 14వ అధికరణంలోనూ అదే మాట!

2. ఎఫ్-1 విద్యార్థి వీసా, హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నవారు: తుపాకీ గాని, తూటా గాని దగ్గర ఉంచుకోవడమే నేరం. 15 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. ముఖ్యమైన మినహాయింపు ఒకటుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే ఈ నిషేధం వర్తించదు.

2024 నవంబరులో అట్లాంటాలో ఉప్పల్‌కు చెందిన 23 ఏళ్ల విద్యార్థి తన పుట్టినరోజు నాడే వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. విద్యార్థులకు అక్కడ అలాంటి లైసెన్సు దొరుకుతుందనే తమకు తెలియదని తండ్రి అన్నట్టు పత్రికల్లో వచ్చింది. చట్టం అనుమతించినదంతా మనకు అవసరమైనది కాదు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. వీసా కాగితం చదివి అర్థం చెప్పే పెద్దలు మనలో చాలామంది ఇళ్లలో లేరు. రేపు గుట్ట నుంచి ఎంత దూరం వెళ్లినా మన కాగితం మనమే చదువుకోవాలి.

అభ్యాసం: రాజ్యాంగంలోని 15, 16, 25 అధికరణాలు తెరవండి. ఏది పౌరులకు, ఏది అందరికీ? రాసి చూడండి.