విద్యుత్ ట్రాక్టరు: బ్యాటరీ, ఛార్జింగ్, పని గంటల అంచనా

డీజిల్ ఖర్చు తగ్గుతుందన్న ఆశతో విద్యుత్ ట్రాక్టరు గురించి విచారించే రైతుకు ధర, అశ్వసామర్థ్యం మాత్రమే తెలిపితే సరిపోదు. ఒకసారి ఛార్జ్ చేస్తే ఏ పని ఎన్ని గంటలు సాగుతుందో, తిరిగి ఛార్జ్ కావడానికి ఎంత సమయం పడుతుందో విస్తరణ శాస్త్రవేత్తలు లెక్కించి చెప్పవలసి ఉంటుంది.

పనిచేసే విధానం

ఈ ట్రాక్టరులో ఇంజను, ఇంధన ట్యాంకులకు బదులు మోటారు, కంట్రోలర్, బ్యాటరీ ఉంటాయి. బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును కంట్రోలర్ సాధారణంగా ఏకాంతర విద్యుత్తుగా మార్చి మోటారుకు అందిస్తుంది. తక్కువ వేగంలోనూ మోటారు పూర్తి బలంతో లాగుతుంది.

లిథియం-అయాన్ బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు అయాన్లు ధన ఎలక్ట్రోడు నుంచి గ్రాఫైట్ ఎలక్ట్రోడుకు చేరతాయి; పని సమయంలో తిరిగి వస్తాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, నికెల్ ఆధారిత రకాల కంటే బరువైనదే అయినా వేడిని మెరుగుగా తట్టుకుంటుంది. ఈ బరువు మెట్ట దుక్కిలో చక్రాల పట్టును పెంచుతుంది. దమ్ము మడిలో మాత్రం దిగబడే అవకాశాన్ని కూడా పెంచుతుంది.

పని గంటల లెక్క

ఉదాహరణకు, 20 యూనిట్ల బ్యాటరీలో 20 శాతం నిల్వ ఉంచితే 16 యూనిట్లు వాడుకోవచ్చు. కంట్రోలర్, మోటారులలో నష్టాలు పోగా సుమారు 14 యూనిట్లు పనికి అందుతాయి. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉన్నా, ఇంజను నుంచి దాదాపు 3 యూనిట్లే పనిగా లభిస్తాయి. అంటే ఈ బ్యాటరీ నాలుగున్నర లీటర్ల డీజిల్‌కు సమానం. సగటున 3.5 కిలోవాట్లు అవసరమయ్యే అంతరకృషి 4 గంటలు సాగుతుంది. 8 కిలోవాట్లు కోరే రోటవేటర్ పని 2 గంటలైనా సాగదు.

దుర్గాపూర్‌లోని కేంద్ర యాంత్రిక ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించి 2023లో ఆవిష్కరించిన ప్రైమా ఇ.టి.11 చిన్న ట్రాక్టరు పొలంలో 4 గంటలకు పైగా, రవాణాలో 6 గంటలకు పైగా పనిచేస్తుందని, ఇంటి సాకెట్‌తో 7 నుంచి 8 గంటల్లో ఛార్జ్ అవుతుందని ప్రకటించారు. పని భారాన్ని బట్టి గంటలు మారుతాయనడానికి ఇది నిదర్శనం.

ఛార్జింగ్‌లో జాగ్రత్తలు

పై ఉదాహరణలో ఛార్జరులోని నష్టాలతో కలిపి 18 యూనిట్లు అవసరం. 3 కిలోవాట్ల ఛార్జరుతో దాదాపు 6 గంటలు పడుతుంది. కనుక మధ్యాహ్న విరామంలో పూర్తి ఛార్జింగ్ సాధ్యం కాదు. రాత్రి కరెంటు ఎన్ని గంటలు, ఎంత నిలకడగా ఉంటుందన్నదే కీలకం.

* సరైన ఎర్తింగ్, తగిన మందం గల తీగ ఉన్న సాకెట్‌నే వాడాలి.
* వేసవిలో పని ముగిశాక బ్యాటరీ చల్లబడే వరకు ఆగి, నీడలో ఛార్జ్ చేయాలి.
* పంపుసెట్టు కనెక్షన్‌ను ఛార్జింగ్‌కు వాడే ముందు విద్యుత్ పంపిణీ సంస్థ అనుమతి పొందాలి.

కూరగాయల తోటల్లో అంతరకృషి, పండ్ల తోటల్లో పిచికారీ, ఇంటికి చేరువలో రవాణా వంటి తేలికపాటి, రోజువారీ పనులున్న రైతులకు చిన్న విద్యుత్ ట్రాక్టరును సూచించవచ్చు. సీజనులో రోజంతా దమ్ము, దుక్కి చేసి అద్దెతో అప్పు తీర్చదలచిన వారికి పై లెక్క చూపిన తరువాతే సలహా ఇవ్వడం సముచితం.