పసుపు యార్డు లెక్క తెర మీదికి ఎన్ని సెకన్లలో రావాలి?

డేటా అనలిస్టు ఉద్యోగాలకు తయారయ్యేవారి రెజ్యూమెల్లో పవర్ బీఐ, టాబ్లో, ఎక్సెల్ పేర్లు కనిపించడం మామూలే. కింద ప్రాజెక్టు పేరిట ఒక రంగురంగుల డ్యాష్‌బోర్డు బొమ్మ కూడా ఉంటుంది. అది తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో మాత్రం రాయరు. వాడేవాడికి కావలసింది అదే. కంప్యూటర్ జవాబు ఒక సెకనులోపు వస్తే మనిషి ఆలోచన తెగదని, పది సెకన్లు దాటితే ధ్యాస వేరే పని మీదికి పోతుందని యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ 1993లోనే రాశాడు. నిజామాబాద్, బోధన్ ప్రాంతం నుంచి ఈ రంగంలోకి రావాలనుకునేవారు చార్టులు గీయడం కంటే ముందు వేగం సంగతి నేర్చుకోవాలని నా వాదన. ఆ వేగం చాలావరకు బొమ్మ గీయకముందే, పట్టికలు కట్టే దగ్గరే తేలిపోతుంది.

నిజామాబాద్ మార్కెట్ యార్డునే తీసుకుందాం. 2016 ఏప్రిల్ 14న జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు దేశంలో తొలి విడతగా చేరిన 21 మార్కెట్లలో ఇదొకటి. జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం కూడా 2025లో ఈ ఊరికే వచ్చింది. యార్డులో పసుపు కుప్పకు కుప్ప విడిగా అమ్ముడవుతుంది కాబట్టి కంప్యూటర్లో ఒక్కో లాటుకు ఒక్కో వరుస చేరుతుంది. లెక్క కోసం రోజుకు వెయ్యి లాట్లు, ఏడాదికి 250 పనిరోజులు అనుకుంటే అయిదేళ్లకు పన్నెండున్నర లక్షల వరుసలవుతాయి. ఎక్సెల్ షీటు 10,48,576 వరుసల దగ్గరే ఆగిపోతుంది. కానీ అయిదేళ్లలో కొమ్ము, మండ అనే రెండు పసుపు రకాల ధరలు ఎలా కదిలాయని అడిగే అధికారికి ఈ లాట్లన్నీ ఎందుకు? రోజుకు, రకానికి ఒక్కో వరుస చొప్పున ముందే కూడి పెట్టుకుంటే 2,500 వరుసలతో పని అయిపోతుంది. రాత్రి ఒకసారి కూడితే సరిపోయేదానికి, తెర తెరిచిన ప్రతిసారీ లక్షల వరుసలను మళ్లీ కూడించడమే చాలా డ్యాష్‌బోర్డులు కునికిపాట్లు పడటానికి కారణం.

ముందే కూడి పెట్టడంలో ఒక ఉచ్చు ఉంది, కొత్తవాళ్లు అందులో తేలిగ్గా పడతారు. రోజువారీ సగటు ధరను దాచుకుని, నెలాఖరున ఆ సగటులకే మళ్లీ సగటు కడతారు. ఒకరోజు పది క్వింటాళ్లు పన్నెండు వేల చొప్పున, మర్నాడు తొంభై క్వింటాళ్లు పది వేల చొప్పున అమ్ముడయ్యాయనుకుందాం. సగటుల సగటు 11,000. అసలు సగటు 10,200. అందుకని దాచాల్సింది ధరను కాదు, మొత్తం తూకాన్నీ మొత్తం సొమ్మునూ. ధర ఎప్పుడు కావాలంటే అప్పుడు భాగించుకోవచ్చు. వేగం కోసం చేసిన పని తప్పు లెక్క చూపిస్తే నెమ్మదిగా వచ్చే నిజమే నయం. మిగతా జాగ్రత్తలు చిన్నవే. పేజీలో ఎన్ని చార్టులుంటే దాదాపు అన్ని ప్రశ్నలు (క్వెరీలు) డేటాబేస్‌కు వెళ్తాయి కాబట్టి పదిహేను చార్టులను అయిదుకు తగ్గించాలి. ఎవరూ చూడని కాలమ్‌లను తీసేయాలి. సెకన్లతో సహా ఉన్న సమయాన్ని తేదీగా, గంటగా విడగొడితే పవర్ బీఐలో ఫైలు బాగా కుదించుకుపోతుంది.

ఇక తాజాదనం. ప్రతి అంకే అప్పటికప్పుడు మారుతూ ఉండాలన్న మోజు డ్యాష్‌బోర్డులను నిష్కారణంగా బరువెక్కిస్తుంది. అయిదేళ్ల ధరల చార్టుకు నిన్న సాయంత్రం లెక్క చాలు. చెరకు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ మాట చెల్లదు. నరికిన చెరకు ఎండుతున్నకొద్దీ తూకమూ తగ్గుతుంది, చక్కెర శాతమూ పడిపోతుంది. కాబట్టి ఏ లారీ ఎన్ని గంటలుగా నిలబడి ఉందో క్రషింగ్ సీజన్లో నిమిషాల మీద తెలియాలి. అయితే ఆ తెరకు ఆనాటి బండ్లు చాలు, పదేళ్ల చరిత్ర అక్కర్లేదు. ఒకటి పాత లెక్క, పెద్దది. మరొకటి తాజా లెక్క, చిన్నది. రెంటినీ ఒకే పేజీలో కుక్కినప్పుడే చిక్కు.

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడింది కదా, లేని గేటుకు తెర ఎందుకని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఈ నైపుణ్యం నేర్చినంత మాత్రాన బోధన్‌లోనే కొలువు దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఎక్కువ ఉద్యోగాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. కానీ బండి, తూకం, నిరీక్షణ అన్న ఈ లెక్కే రైస్ మిల్లుకూ, గోదాముకూ, ఆస్పత్రి ఓపీకీ వర్తిస్తుంది. చెరకు, పసుపు వ్యవహారం ఇంట్లో విని పెరిగినవారికి ఒక వరుస అంటే లాటా, రైతా, బండా అన్న ప్రశ్న సహజంగానే తడుతుంది.

పెద్ద సర్వర్ కొంటే సరిపోదా అనేవారూ ఉన్నారు. కొంత సరిపోతుంది. కానీ బిగ్‌క్వెరీ వంటి క్లౌడ్ సేవల్లో చదివిన డేటాను బట్టి బిల్లు వేసే పద్ధతి ఉంది. బద్ధకపు క్వెరీకి అక్కడ మళ్లీ మళ్లీ డబ్బు కట్టాల్సి రావచ్చు. ఏఐ క్వెరీ రాసిస్తుంది కదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. రాసిస్తుంది, చాలాసార్లు బాగానే రాస్తుంది. అయితే సగటుల సగటు కట్టే క్వెరీని అడిగితే దాన్నీ అంతే చక్కగా రాసి చేతిలో పెట్టగలదు. 11,000 తప్పని పట్టుకునే మనిషికే జీతం.

అందుకే నిజామాబాద్ గిరిరాజ్ కళాశాలలోనో డిచ్‌పల్లి తెలంగాణ విశ్వవిద్యాలయంలోనో చదువుతున్నవారు కామర్స్ అయినా సైన్స్ అయినా ముందు ఎస్‌క్యూఎల్ పట్టాలి, తర్వాతే పవర్ బీఐ. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, పవర్ బీఐ డెస్క్‌టాప్ రెండూ ఉచితమే. అగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ల రోజువారీ ధరలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. అవి లాట్ల వివరాలు కావు కాబట్టి పది లక్షల ఉత్తుత్తి లాట్లు సొంతంగా తయారుచేసుకుని, అవి ఉత్తుత్తివేనని ప్రాజెక్టులో రాసిపెట్టాలి. పోస్ట్‌గ్రెస్‌లోని ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌తో క్వెరీ సమయాన్నీ, పవర్ బీఐలోని పెర్ఫార్మెన్స్ అనలైజర్‌తో ఒక్కో చార్టు తీసుకున్న సమయాన్నీ కొలవాలి. మార్పులు చేశాక మళ్లీ కొలవాలి. రెజ్యూమెలో డ్యాష్‌బోర్డు బొమ్మ పక్కనే ముందు ఎన్ని సెకన్లు, తర్వాత ఎన్ని, ఏ మార్పు వల్ల తగ్గిందో రెండు వాక్యాలు రాస్తే ఇంటర్వ్యూలో అడిగేవారికి అక్కడి నుంచే ప్రశ్నలు దొరుకుతాయి.