నల్ల బెల్టు ఎన్నో మెట్టు?

అక్కలారా! ఈ మధ్య బడి నుంచి వచ్చిన ఆడపిల్లలు "అమ్మా, నేను కరాటే నేర్చుకుంటా" అంటున్నారు. కొన్నాళ్లకు "అమ్మా, బెల్టు పరీక్ష ఉంది. డబ్బులు కావాల" అంటారు. బెల్టు ఏమిటి? దానికి పరీక్ష ఏమిటి?

బెల్టు అనగానే మన ఊళ్లలో బెల్టు షాపే గుర్తుకొస్తుంది. అది మూయించాల్సిన బెల్టు. ఇది వేరు. ఇది మందపాటి నూలు గుడ్డ పట్టీ. తెల్లటి కరాటే బట్టల మీద నడుముకు చుట్టి, ముందర ముడి వేస్తారు. నేర్చుకునే మనిషి ఎంతవరకు వచ్చిందో దాని రంగు చెబుతుంది.

కరాటే జపాన్ దేశంలోని ఒకినావా దీవి విద్య. 'కరా' అంటే ఖాళీ. 'తే' అంటే చెయ్యి. ఆయుధం లేని ఉత్త చేతుల విద్య అన్నమాట. ఒకినావాలో గిచిన్ ఫునకోషి అనే బడిపంతులు ఉండేవాడు. ఆయన 1922లో టోక్యో వెళ్లి ఈ విద్య చూపించాడు. 1924లో కొందరు శిష్యులకు నల్ల బెల్టులు ఇచ్చాడు. బెల్టు పద్ధతి మాత్రం జూడో నుంచి తీసుకున్నది. జూడోను తయారు చేసిన జిగోరో కానో కూడా పంతులే! తరగతులు పెట్టడం పంతుళ్లకు అలవాటు కదా. పసుపు, ఆకుపచ్చ లాంటి రంగులు తర్వాత వచ్చాయి.

ఇప్పుడు మొదట తెల్ల బెల్టు ఇస్తారు. తర్వాత చాలా చోట్ల పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగు. ఆ తర్వాత నలుపు. అన్ని చోట్లా ఇదే వరస ఉండదు. ఒక మాస్టరు దగ్గర నీలం పైమెట్టు. ఇంకొకరి దగ్గర ఆకుపచ్చ పైమెట్టు. అందుకే రంగు చూసి ఇద్దరు పిల్లల్ని పోల్చకూడదు.

మెట్ల అంకెలు తమాషాగా ఉంటాయి. నలుపు కంటే ముందు మెట్లను 'క్యూ' అంటారు. పదో క్యూ నుంచి మొదలైతే తొమ్మిది, ఎనిమిది అని తగ్గుతూ పోవాలి. ఉరవకొండకు పోయే దారిలో కిలోమీటరు రాళ్లు చదవండి. ఊరు దగ్గరయ్యే కొద్దీ అంకె తగ్గుతుంది. ఇదీ అంతే. ఒకటో క్యూ దాటితే నల్ల బెల్టు. అక్కడి నుంచి 'డాన్' అంటారు. ఒకటో డాన్, రెండో డాన్ అని అంకె పెరుగుతుంది. ఒకటో డాన్‌ను జపాన్ మాటలో 'షోదాన్' అంటారు. 'షో' అంటే మొదలు. నల్ల బెల్టు వస్తే చదువు అయిపోయిందని కాదు.

బెల్టు ఉతక్కుండా వాడితే తెల్లది నల్లబడేదని ఒక కథ చెబుతారు. అది ఉత్త కథ. మాసిన గుడ్డకు విద్య రాదు.

పరీక్షలో మూడు చూస్తారు. దెబ్బ కొట్టడం, దెబ్బ ఆపడం లాంటి మూల కదలికలు. వాటిని వరసగా కలిపి చేసే 'కతా'. ఎదురు మనిషితో తలపడే 'కుమితే'. మీ పాప కొత్త బెల్టు తెస్తే ఇంట్లో ఒకసారి చేసి చూపించమనండి. రంగు మారింది కానీ పాతవే చేస్తుంటే మాస్టరును అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. డబ్బు మనది. నెల ఫీజు ఎంత, పరీక్ష ఫీజు ఎంత, బట్టలకు ఎంత అని చేర్పించే ముందే రాయించుకోండి.

ప్రభుత్వ బడుల్లో సమగ్ర శిక్ష కింద ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ ఉంది. దాన్ని వద్దనవద్దు. అందులో బెల్టు రాకపోయినా పట్టు విడిపించుకోవడం, గట్టిగా అరవడం, పరుగెత్తడం వస్తే చాలు. ఆపదలో ఎదుటివాడు బెల్టు రంగు చూడడు. ఫోన్‌లో 112 నొక్కడం కూడా పాపకు నేర్పండి.

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు కూడా కరాటే ఆడారు. ఒకరికి ఎర్ర బెల్టు, ఎదుటి మనిషికి నీలం బెల్టు కట్టారు. అది మెట్టు గుర్తు కాదు. ఎవరు ఎవరో తెలియడానికి. మన హైదరాబాదు అమ్మాయి సయ్యదా ఫలక్ కూడా వేరే దేశాల వాళ్లతో కరాటే పోటీల్లో ఆడింది.

ఇప్పుడు ఒక లెక్క. పరీక్షకు 500 రూపాయలు అనుకుందాం. మెట్టు మెట్టుకూ ఒక పరీక్ష. పదో క్యూ నుంచి ఒకటో క్యూ చేరాలంటే ఎన్ని పరీక్షలు? మొత్తం ఎంత డబ్బు? పలక మీద వేసి చూడండి. నల్ల బెల్టు పరీక్ష ఫీజు వేరే ఉంటుంది. అది మాస్టరును అడిగి కలపండి.