పసిబిడ్డకు బుడ్డలు (వేరుశనగలు) ఎప్పుడు పెట్టాలి?

ప్రశ్న: మా పాపకు ఏడో నెల. రాగి జావ, పప్పన్నం తింటోంది. అలర్జీ వస్తుంది, మూడేళ్లు నిండేదాకా బుడ్డలు ముట్టించొద్దని మా ఆడపడుచు అంటోంది. మా అత్తేమో ఏమీ కాదు, పెట్టమంటోంది. ఎవరి మాట వినాలి?
– ఒక తల్లి, కోసిగి

జవాబు: పెట్టండమ్మా. మీ ఆడపడుచు చెప్పింది పాత సలహా. అలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్లదాకా వేరుశనగ వద్దని 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పింది. ఆలస్యం చేస్తే మేలు జరుగుతుందన్న ఆధారం దొరక్క 2008లో ఆ మాట మానుకుంది. 2015లో లండన్ పరిశోధకులు ముప్పున్న 640 మంది పసివాళ్ల ఫలితాలు వెల్లడించారు. ఐదేళ్లు వచ్చేసరికి వేరుశనగ మాన్పించిన పిల్లల్లో సుమారు 17 శాతం మందికి అలర్జీ వచ్చింది. తిన్నవాళ్లలో 3 శాతం మందికే వచ్చింది. చిన్నప్పుడే కడుపులోకి చేరిన తిండికి ఒళ్లు అలవాటు పడుతుంది.

అయితే గింజలుగా మాత్రం ఐదేళ్లదాకా పెట్టొద్దు, గొంతులో అడ్డం పడతాయి. బూజు పట్టినవి, ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరి పారేయండి. కోతకు ముందు వానలు లేక బెట్టకొచ్చిన మన చేలల్లో కాయకు బూజు సోకి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. వేయించినా అది పూర్తిగా పోదు. మంచి గింజలు వేయించి, పొట్టు తీసి, మెత్తగా దంచండి. ఉప్పూ కారం వద్దు. వట్టి పొడి పెట్టకుండా జావలోనో పెరుగన్నంలోనో కలపండి. పాప హుషారుగా ఉన్న రోజు, పగటిపూట, చిటికెడుతో మొదలుపెట్టి రెండు గంటలు కనిపెట్టుకుని ఉండండి. ఆ రోజు ఇంకే కొత్త తిండీ వద్దు. పడితే మెల్లగా రెండు మూడు చిన్న చెంచాలకు పెంచి, వారానికి మూడుసార్లు పెడుతూ ఉండండి. మధ్యలో మానొద్దు. బాగా ఉడికించిన గుడ్డునూ ఇలాగే అలవాటు చేయండి.

దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు కనిపిస్తే ఆపేసి డాక్టరుకు చూపించండి. ఊపిరి ఆడకపోయినా, బిడ్డ వాలిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా బాబుకు ఆరు నెలలు. బుగ్గల మీద, మోచేతి మడతల్లో చర్మం ఎర్రబారి, చిట్లి, ఒకటే దురద. వాడికీ ఇంట్లోనే మొదలుపెట్టొచ్చా?
– మరో తల్లి, ఆదోని

జవాబు: వద్దమ్మా, ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. అది తీవ్రమైన ఎగ్జిమా కావచ్చు. చిట్లిన చర్మం గుండా బుడ్డల దుమ్ము లోపలికి పోతే ఒంటికి అది పడకుండా పోయే ముప్పుంది. కాబట్టి చర్మానికి వైద్యం చేయించండి. అవసరమైతే అలర్జీ పరీక్ష చేసి, మొదటి ముద్ద డాక్టరు తన ఎదుటే పెట్టిస్తారు. భయపడి నెలల తరబడి వాయిదా వేయకండి. త్వరగా పెట్టడం వల్ల ఎక్కువ మేలు జరిగేది ఇలాంటి పిల్లలకే.